పదిహేను చుక్కలు, ఎనిమిది దాకా

రిటైరైన నాలుగో నెలలో మా ఇంటి గోడ గడియారం చప్పుడు నాకు వినపడ్డం మొదలైంది. ముప్పై నాలుగేళ్లు అకౌంట్స్ సెక్షన్లో తల వంచుకుని కూర్చున్నవాణ్ణి, ఏమీ తోచక పేపర్లో టెండరు ప్రకటనలు కూడా వదలకుండా చదివేవాణ్ణి. "ఏదన్నా వ్యాపకం పెట్టుకోండి బాబూ, నా వంటింట్లోకి మాత్రం రాకండి" అని మా ఆవిడ దండం పెట్టింది. పెన్షన్ బతుకు కాబట్టి నెలకి మూడొందలు దాటకూడదని ముందే అనుకున్నాను.

మొదట తిరునాళ్లలో నూటయాభై పెట్టి పిల్లనగ్రోవి కొన్నాను. వారం రోజులు ఊదితే 'స' కూడా పలకలేదు, పక్కింటి కుక్క మాత్రం పలికింది. తర్వాత ఫోన్లో చదరంగం. ఖర్చు లేదు గానీ, ముక్కూ మొహం తెలియని వాడెవడో రోజూ పది ఎత్తుల్లో కట్టేస్తుంటే ఎంతకాలం ఆడతాం? కుండీల్లో టమాటా పెడితే కోతులు తిన్నాయి. అంతే, మళ్లీ గడియారం.

కార్తీకంలో మనవణ్ణి చూసుకోవాల్సొచ్చి మా ఆవిడ హైదరాబాదు వెళ్లింది. మూడో రోజు పొద్దున పాల ప్యాకెట్టు తెచ్చుకుంటుంటే ఎదురింటి మామ్మగారు ఆపి, గొంతు బాగా తగ్గించి, "అంతా క్షేమమేనా నాయనా?" అన్నారు. నాకర్థం కాలేదు. ఆవిడ కళ్లు మా గుమ్మం ముందున్న బోసి నేల మీద ఉన్నాయి. మా తెనాలి వైపు ఇంట్లో ఎవరన్నా పోతేనో, తద్దినం నాడో తప్ప వాకిట్లో ముగ్గు మానరు కదా. అయిదు రోజులు పోతే వీధంతా పరామర్శకి వచ్చేట్టుంది.

మర్నాడు చీకటితోనే లేచి నీళ్లు చల్లి ముగ్గు డబ్బా తెచ్చాను. అరవయ్యేళ్లుగా రోజూ దాటుకుంటూ తిరిగిన వస్తువే. వేయబోతే తెలిసింది. పిండి ఒకచోట కుప్ప, ఒకచోట శూన్యం. నేను గీసిన పద్మం చూసి పాలబ్బాయి "పీతా సార్?" అన్నాడు.

మామ్మగారికి జాలేసినట్టుంది. అరుగు మీద కూర్చుని చేతికర్రతో చూపిస్తూ నేర్పారు. "చిటికెడు కాదు, మూడు వేళ్ల మధ్య నిండా పట్టు. కదపాల్సింది బొటనవేలు, చెయ్యి కాదు. చెయ్యి దారి చూపిస్తుంది, అంతే." బొటనవేలు చూపుడువేలి మీద ఆగకుండా రాస్తూ ఉంటే పిండి సన్నటి దారంలా జారుతుంది. వేళ్లు నేలకి మరీ దగ్గరైతే గీత మొద్దుగా పడుతుంది, ఎత్తు పెరిగితే చెదిరిపోతుంది. తడి సంగతి ఇంకోటి. ఎక్కువైతే గీత నీళ్లు తాగి కనపడనే కనపడదు, నేల ఆరాక ఒక్కసారిగా తెల్లగా తేలుతుంది. తక్కువైతే మొదటి ఆటో పోగానే లేచిపోతుంది. ఆవిడ డెబ్బై దాటినా నడుం వంచే వేస్తారు. నేను పీట వేసుకుని జరుగుతూ వేస్తాను. పరువు ఎలాగూ పోయింది, మోకాళ్లన్నా మిగలాలి.

రెండిళ్ల అవతల అమ్మాయి స్కూటీ ఆపి, "బాబాయిగారూ, పిన్నిగారికి ఒంట్లో బాలేదా?" అంది. లేదమ్మా, బాగానే ఉందన్నాను. ఇంకా కంగారు పడింది.

చుక్కల్లో రెండు రకాలని అప్పుడే తెలిసింది. సందు చుక్క అంటే కింది వరసలో సందు దగ్గర పై వరస చుక్క పడుతుంది, వరసకి ఒకటి తగ్గుతుంది. ఎదురు చుక్క అంటే చుక్కకెదురుగా చుక్క, వరసకి రెండు తగ్గుతాయి. నడిమి వరసలో ఏడు చుక్కలు పెట్టి, పైకీ కిందికీ నాలుగు దాకా తగ్గిస్తూ సందు చుక్క పెడితే మొత్తం 37. ఏడు నుంచి ఒకటి దాకా ఎదురు చుక్క పెడితే 25. పదిహేను ఎనిమిది దాకా అయితే 169. ఈ కూడికలు వేసుకుంటుంటే మళ్లీ ఆఫీసుకి వెళ్లినట్టే అనిపించి, మనవరాలు వదిలేసిన గళ్ల పుస్తకం తీశాను.

అసలు పట్టుకున్నది మెలికల ముగ్గు. గీత చుక్కని తాకకూడదు, చుట్టూ తిరగాలి. పక్కపక్క చుక్కల మధ్య ప్రతి సందులోనూ గీతలు దాటుకోవాలి, అంచుకి రాగానే చుట్టి వెనక్కి మళ్లాలి. మూడు అడ్డం, మూడు నిలువు చుక్కలు పెట్టి బయల్దేరితే మొదలెట్టిన చోటికే వచ్చేశాను, సందులు చూస్తే ఇంకా మిగిలే ఉన్నాయి. మొత్తం మూడు గీతలైతే గానీ పూర్తి కాలేదు. మర్నాడు మూడు అడ్డం, నాలుగు నిలువు. చెయ్యెత్తకుండా ఒక్క గీతలో అయిపోయింది! అయిదూ ఏడూ ఒక్క గీత. నాలుగూ ఆరూ రెండు. మూడూ ఆరూ మూడు. గళ్ల పుస్తకంలో పదకొండు పేజీలు నిండాక రాత్రి పదింటికి వెలిగింది: గ.సా.భా. చిన్నప్పుడు బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న గరిష్ఠ సామాన్య భాజకమే. రెండు అంకెలకి గ.సా.భా. ఎంతో, ముగ్గుకి గీతలు అన్ని.

తెల్లారగానే మామ్మగారికి చెప్పాను. "ఓస్ అదా! చుక్కలు ఎచ్చుతక్కువగా పెడితే గీత తెగదని మా అత్తగారు చెప్పేవారు" అన్నారు.

"నాలుగూ ఆరూ పెడితే తెగుతుంది కదండీ?"

"నాలుగూ ఆరూ ఎవరు పెడతారు నాయనా?"

ఆ పూట ఇంక మాట్లాడలేదు నేను.

ధనుర్మాసం మొదలయ్యే నాటికి మా ఆవిడ తిరిగొచ్చింది. రిక్షా దిగి, గేటు ముందు ముగ్గు దాటకుండా పక్కనుంచి వచ్చి, "పనిమనిషిని పెట్టారా?" అంది. నేనేనంటే సంచి కింద పెట్టి వంగి చూసింది. మూడో వరసలో ఒక మెలిక తప్పిందని వేలితో చెరిపి సరిచేసింది. నిజంగానే తప్పింది. నెల మొత్తానికి నాకైన ఖర్చు పాతిక రూపాయల పొట్లాలు మూడు, చీమలకోసం మామ్మగారు కలపమన్న గుప్పెడు బియ్యప్పిండి.

ధనుర్మాసం నెలంతా వంతులేసుకున్నాం. సంక్రాంతి నాడు 169 చుక్కల ముగ్గు నాకే వదిలేసింది, గంటన్నర పట్టింది. కనుమ నాడు మాత్రం డబ్బా ముట్టుకోనివ్వలేదు. రథం ముగ్గు ఆవిడే వేసింది. పక్కింటి వాళ్ల రథానికి కలపాల్సిన తాడు మిగిలితే, "ఇది మీరు లాగండి, వంకర పోకుండా" అని డబ్బా చేతికిచ్చింది.