లక్క, పురికొస, ఫోరెన్సిక్ ఎమ్మెస్సీ: నా అనుభవం

ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ ప్రాక్టికల్స్ నిన్నటితో అయిపోయాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

అడ్మిషన్ పెద్ద కథేం కాదు. బీఎస్సీలో కెమిస్ట్రీయో జువాలజీయో ఉంటే చాలాచోట్ల తీసుకుంటారు. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీకైతే వాళ్ల ఎంట్రన్స్ వేరే రాయాలి. విశాఖలోనే చదవాలనుకుంటే ఫీజు కట్టే ముందు బ్రోషర్ పక్కనపెట్టి, ల్యాబ్ తాళం తీయించి చూడండి. కంపారిజన్ మైక్రోస్కోపు (రెండు నమూనాల్ని పక్కపక్కనే పోల్చి చూసేది) ఉంటే సరిపోదు, దాని మీద గుడ్డ ఆఖరిసారి ఎప్పుడు తీశారో అడగండి.

థియరీ, క్రోమటోగ్రఫీ, వేలిముద్రలు ఎవరైనా గట్టెక్కుతారు. మమ్మల్ని ముంచింది ప్యాకింగ్. ఎంఓలు (మెటీరియల్ ఆబ్జెక్ట్స్, అంటే కేసులో దొరికిన వస్తువులు) కట్టి, లెటర్ ఆఫ్ అడ్వైజ్ (ఏం పంపుతున్నాం, ఏం పరీక్షించాలి అని ల్యాబ్‌కి రాసే లేఖ) రాసి, ఫోరెన్సిక్ ల్యాబ్ కౌంటర్‌లో ఇచ్చినట్టు ఎగ్జామినర్‌కి ఇవ్వాలి. బ్యాచ్ మొత్తం పొట్లాలూ టేబుల్ మీంచి పక్కకి తోసేసి, "పచారీ కొట్టుకి పొండి, బాగా కడతారు" అన్నారు. కారణం అడిగితే మీరే తెలుసుకోండన్నారు. ఈ పనికి ఒక్క క్లాసు కూడా చెప్పనివాళ్లు ఆ మాట అనడమేమిటో! ఒక రిటైర్డ్ ల్యాబ్ ఉద్యోగి దగ్గర కూర్చుంటే విషయం తెలిసింది.

రక్తం మరక బట్టని తడిగా పాలిథీన్‌లో పెట్టకూడదు. మన సముద్రపు గాలికి బూజు పట్టి డీఎన్‌ఏ చెడుతుంది. నీడలో, శుభ్రమైన బ్రౌన్ పేపర్ మీద ఆరబెట్టాలి. ఫ్యాన్ వేస్తే వెంట్రుకలు, పోగులు ఎగిరిపోతాయి. ఆరాక మడతల మధ్య కాగితం పెట్టి, ఒక్కో బట్ట ఒక్కో కాగితం కవర్లో వేయాలి. అలాగని అన్నిటికీ కాగితమే అని బట్టీ పట్టకండి. పెట్రోలు అనుమానమున్న బూడిదైతే కాగితంలోంచి ఆవిరి పోతుంది, మామూలు పాలిథీన్ కూడా ఆపదు. గాజు సీసా గానీ కొత్త రేకు డబ్బా గానీ కావాలి, మూత బిగించాలి.

విసెరా (విషం అనుమానముంటే పోస్ట్‌మార్టంలో తీసి పంపే లోపలి అవయవాలు) దగ్గర ఇంకా జాగ్రత్త. లోపలి పదార్థంతో సహా జీర్ణాశయం, 30 సెంటీమీటర్ల చిన్నపేగు ఒక సీసాలో, 500 గ్రాముల కాలేయం, ఒక్కో మూత్రపిండంలో సగం ఇంకో సీసాలో వేస్తారు. పోసేది సంతృప్త ఉప్పు ద్రావణం. ఫార్మలిన్ పోస్తే కణజాలం గట్టిపడి విషాన్ని బయటికి లాగడం కష్టం. సీసా మూడింట రెండొంతులే నింపాలి, కుళ్లితే పుట్టే వాయువుకి చోటుండాలి. అదే ఉప్పునీళ్లు కొన్ని వేరే సీసాలో పంపాలి. లేకపోతే విషం ఉప్పులోనే ఉందని డిఫెన్స్ లాయరు అంటే జవాబుండదు. రక్తమైతే చెడకుండా, గడ్డకట్టకుండా 10 మి.లీ.కి 100 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్, 30 మి.గ్రా. పొటాషియం ఆక్సలేట్ కలపాలి.

మా పొట్లాలు వాపసొచ్చింది మాత్రం లక్క వల్ల. కరిగిన లక్క మీద వెంటనే నొక్కితే అచ్చుకు అంటుకుని అక్షరాలు తెగుతాయి. ఆలస్యమైతే గడ్డకట్టి ముద్రే పడదు. అచ్చు తడుపుకుని, లక్క మెరుపు కాస్త తగ్గగానే నిటారుగా నొక్కి తీసేయాలి. సీలు పడాల్సింది ముడి మీద. పక్కన పడితే లక్క పగలకుండానే పురికొస విప్పేయొచ్చు. అదే ముద్ర నమూనా విడి కాగితం మీద వేసి లెటర్‌తో జతచేయాలి. ల్యాబ్‌లో పోల్చేది దాంతోనే. లేబుల్ మీద, లెటర్‌లో, మధ్యవర్తుల రిపోర్టులో (పంచనామాలో) ఎంఓ నంబరు ఒక్కటే ఉండాలి. 3, 3ఏ తేడా చాలు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో గంట నిలబెడతారు.

2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (సీఆర్పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 176(3) ప్రకారం, ఏడేళ్లు, ఆపై శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలి. దీన్ని అమలుచేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. అంటే ఈ కట్టలు కట్టించేది రేపు మనమే. కాలేజీలకేమో ఇంకా స్లైడ్లు చదివి వినిపించడమే పాఠం.

రెండోసారి నా సీసాల పొట్లాన్ని ఎగ్జామినర్ అటూ ఇటూ తిప్పి చూసి, నోరు మెదపకుండా సంతకం పెట్టారు. శభాష్ అనడానికి మనసొప్పలేదు గానీ, వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

లక్క, పురికొస విశాఖ పూర్ణా మార్కెట్‌లో కొనుక్కోండి. రంగురంగుల అలంకారం లక్క వద్దు, పార్సిళ్లకి వాడేదే అడగండి. పరీక్షకి ముందు పాత అట్టపెట్టెల మీద పది ముద్రలైనా వేసి చూసుకోండి.