మసాలా పొడి, మోకాళ్ల మాత్ర, దుబాయ్

దుబాయ్‌లో క్షేమంగా తిరగాలంటే ముందు గుంటూరులో సూట్‌కేసు సరిగ్గా సర్దుకోవాలి. మా అత్తయ్యకు షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు. అందుకే ఎండలు లేని జనవరి చూసుకుని, టికెట్లకన్నా ముందు కొత్తపేటలో ఆవిడ డాక్టరుగారిని కలిశాం. ఆయన చీటీ అంతా చూసి, మోకాళ్ల నొప్పికి తాను రాసిన మాత్ర దగ్గర ఆగారు. అందులో పారాసెటమాల్‌తో పాటు ట్రమడాల్ ఉంది. యూఏఈలో అది నియంత్రిత మందు, అనుమతి లేకుండా వెంట తీసుకెళ్తే కేసుల దాకా పోవచ్చు. కోడీన్ ఉన్న దగ్గు మందుదీ అదే సంగతి. ఆన్‌లైన్‌లో ముందే అనుమతి తీసుకోవచ్చు కానీ, "ఎందుకమ్మా ఆ తలనొప్పి" అని ఆయన ఉత్త పారాసెటమాల్‌కి మార్చేశారు. మిగతా మందులకు కంపెనీ పేర్లు కాకుండా అసలు పేర్లతో ఇంగ్లీషులో చీటీ రాయించుకున్నాం.

మాత్రలన్నీ విడదీసి డబ్బాలో పోసుకోవడం అత్తయ్యకు అలవాటు. స్ట్రిప్పులు అట్టపెట్టెలతో సహా ఉండాలంటే, "నేను వెళ్లేది పెట్టెలు మొయ్యడానికా?" అని సణిగారు.

అసలు టెన్షన్ మందులతో కాదు, మసాలాతో వచ్చింది. ఎదురింటి పిన్నిగారి అబ్బాయి షార్జాలో ఉంటాడు. బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఆవిడ గట్టిగా దారం చుట్టిన పొట్లం పట్టుకొచ్చారు.

"వేటమాంసంలోకి మసాలా పొడి అమ్మాయ్. మావాడికి అక్కడి పొడులు నచ్చవు."

"ఏమేం వేశారు పిన్నిగారూ?"

"ఏముంది, ధనియాలు, చెక్క, లవంగాలు, కాసిని గసగసాలు..."

గసగసాలు అక్కడ నిషేధం. నల్లమందు మొక్క గింజలు కదా, పొడిలో కలిసినా చిక్కే. ఆ మాట చెబితే ముందు నవ్వారు, తర్వాత ముఖం ముడుచుకున్నారు. అలిగితే అలగనీ అనుకున్నాను. సంచి ఎవరి పేరు మీద ఉంటే కస్టమ్స్‌వాళ్లు వాళ్లనే అడుగుతారు, పిన్నిగారిని కాదు. కారం, గోంగూర పచ్చడి మాత్రం దర్జాగా మాతోనే వచ్చాయి.

ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో షుగరు, బీపీ దాచకుండా రాశాం. ప్రీమియం పెరిగింది, పెరగనీ. దాచిపెడితే రేపు ఆసుపత్రి బిల్లు దగ్గర అదే సాకు చూపిస్తారు.

ఇన్సులిన్ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంచుకున్నాను. లగేజీలో పడేస్తే విమానం అడుగున చలికి గడ్డకట్టవచ్చు, గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు. హోటల్ ఫ్రిజ్‌లో కూడా వెనక గోడకి ఆనించకుండా తలుపు అరలో పెట్టాను.

దుబాయ్ మెట్రో చక్కగా ఉంటుంది కానీ లోపల తినకూడదు, నీళ్లు కూడా తాగకూడదు. జరిమానా 100 దిర్హమ్‌లు. షుగరు మనిషితో ఇది చిన్న విషయం కాదు. అందుకని ఎక్కేముందే అత్తయ్య చేత ఏదో ఒకటి తినిపించేదాన్ని. బాత్రూమ్ వెతుక్కోవాల్సి వస్తుందని ఆవిడ నీళ్లు తాగరు. ఏ మాల్‌కి వెళ్లినా ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూపించాక బాటిల్ చేతికిచ్చేదాన్ని.

రాత్రిళ్లు మంచం మీద కూర్చోబెట్టి, ఫోన్ టార్చ్ వేసి పాదాలు చూడటం నా డ్యూటీ. దుబాయ్ మాల్ తిరిగొచ్చిన రాత్రి బొటనవేలి పక్కన కందిగింజంత పొక్కు కనిపించింది. నొక్కి చూశాను. ఆవిడకి నొప్పే లేదు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గితే ఇంతే, పుండు పడ్డా తెలియదు. పొక్కు చిదపకుండా శుభ్రం చేసి గాజుగుడ్డ వేశాను. మర్నాటి నుంచి ఎక్కువ నడక ఉన్న చోటల్లా వీల్‌చైర్. "నేనేం రోగినా?" అని మొదట బిగుసుకున్నారు. కాసేపటికి "ఆ కొట్టు వైపు తిప్పరా" అని మావారికి ఆర్డర్లు వేయడం మొదలుపెట్టారు.

ఎడారి సఫారీలో ఇసుక దిబ్బల మీద కారు ఎగిరెగిరి పడుతుంది. నడుం, మెడ, గుండె బాగాలేనివాళ్లకి, గర్భిణులకి వద్దని ముందే చెబుతారు. అత్తయ్యను మామూలు దారిలో నేరుగా క్యాంపుకి చేర్చమని బుకింగ్ రోజే మాట్లాడుకున్నాం.

నాకు అన్నిటికన్నా భయం వేసింది రోడ్డు దాటేటప్పుడే. అక్కడ బళ్లు కుడిపక్కన నడుస్తాయి. మనం అలవాటుగా ముందు కుడివైపు చూస్తాం, బండేమో ఎడమ నుంచి వచ్చేస్తుంది. సిగ్నల్ దగ్గర తప్ప దాటొద్దని గట్టిగా అనుకున్నాం. అయినా దుబాయ్‌లోని డేరా అనే పేటలో మావారు ఫోన్ చూసుకుంటూ ఒక కాలు కిందికి దించారు. అత్తయ్య ఆయన చొక్కా పట్టి వెనక్కి లాగి, "ఎడమవైపు చూడరా, ఇది మన గుంటూరు బ్రాడీపేట అనుకున్నావా?" అని నడివీధిలో కేకేశారు.