పది తలపులు చాలన్నాడు

మలేషియాలోని పెనాంగ్ వెళ్లిన మనవాళ్లు కెక్ లోక్ సి బౌద్ధాలయం చూడకుండా రారు. ఆయర్ ఈతం కొండవాలున ఏడంతస్తుల గోపురం, 30 మీటర్ల కంచు విగ్రహమై నిలిచిన కరుణామూర్తి క్వాన్ యిన్ అమ్మ, తాబేళ్ల కోనేరు అన్నీ ఫోన్లోకి ఎక్కించుకుని దిగిపోతారు. తీసుకోండి, ఎవరొద్దన్నారు? కానీ అక్కడ కొలిచే అమితాభ బుద్ధుడి ఎదుట నిలబడి, ఆయన ఇచ్చిన మాటను ఒక్కసారైనా తలుచుకోరేం?

బుద్ధుడు కాకముందు ధర్మాకర భిక్షువుగా ఆయన చేసిన 48 ప్రతిజ్ఞల్లో పద్దెనిమిదోది చూడండి. నా పుణ్యలోకం సుఖావతిలో పుట్టాలని మనసారా కోరి, నన్ను పదిసార్లు తలచినవాళ్లు అక్కడ పుట్టకపోతే నాకు బుద్ధత్వమే వద్దన్నాడు. తన మోక్షాన్నే తాకట్టు పెట్టాడు! భిక్షువు బుద్ధుడయ్యాడు కదా, అంటే ఆ మాట ఎప్పుడో నిలబడిపోయింది. మనం కొత్తగా సంపాదించాల్సిందేమీ లేదు, తలచుకోవడమొక్కటే మిగిలింది. అజామిళుడు కొడుకును పిలిచి తరించాడని వింటూ పెరిగిన మనకు ఇది వింతగా తోచకూడదు.

ఈ గుడి కట్టించిన బియావ్ లియన్ స్వామి ఫుజియాన్ నుంచి వచ్చినవారు. 1890లో మొదలైన పని 1905 దాకా సాగింది. చియాంగ్ ఫాట్ త్సీ లాంటి కోటీశ్వరులు డబ్బిచ్చారు, నిజమే. కానీ నాకు కళ్లముందు మెదిలేది ఓడ దిగి, మళ్లీ ఊరి ముఖం చూడకుండానే పోయిన చీనా కూలీలు. కర్మ చేయడానికి పక్కన కొడుకు కూడా లేనివాడికి ఆ పది తలపులే కదా దిక్కు! మలయా తోటలకు తరలిపోయిన మన తెలుగువాళ్లలోనూ అలాంటివాళ్లు ఎందరో.

మా అమ్మ చివరి రోజుల్లో సహస్రనామం మధ్యలో మరిచిపోయేది. చిన్నబుచ్చుకుని కాసేపు ఊరుకుని, "రామా" అని మొదలుపెట్టేది. ఇక ఆపేది కాదు. ఆ మందిరంలో ఓ చీనా ముసలమ్మ జపమాల తిప్పుతూ "అమితోఫో, అమితోఫో" అని చీనా భాషలో అమితాభుడి పేరే అంటుంటే పక్కనే కూర్చుండిపోయాను.

1930లో పూర్తయిన గోపురానికి అడుగున చీనా పద్ధతి, నడుమ థాయి, పైన బర్మా. అందరినీ రానిచ్చే ప్రతిజ్ఞకు తగ్గ గోపురం.

అక్కడ కోరికల రిబ్బన్లు అమ్ముతారు. ధనం, పెళ్లి, చదువు అని రాసే ఉంటాయి. నాకు, నా పిల్లలకు అంటూ నాలుగు కట్టేవాళ్లు ఇంకెవరికోసమైనా ఒకటి కట్టండి. తనవంతు ఆపుకుని మాట ఇచ్చినాయన ముంగిట్లో మనం ఆ మాత్రం చేయలేమా? అలాగే, తాబేళ్లకు ఆకుకూర ప్లాస్టిక్ సంచితో సహా విసరకండి.