కాళ్లు ఆరూ వచ్చేశాయి!

ఒకే కాగితాన్ని మడిచి ఒరిగామి కొమ్ముపురుగు చేస్తున్నాను, ఇప్పుడే కాగితం మొత్తం ఒక్కసారిగా లోపలికి ముడుచుకుంది! పర్లాకిమిడిలో పొద్దున్నుంచీ కరెంటు లేదు, ఫ్యాను ఆగడం ఒకందుకు మంచిదే అయింది, పల్చటి కాగితం ఎగరకుండా కూర్చుంది.

మడతలన్నీ ఎక్కడ రావాలో చూపే పటమైన క్రీజ్ ప్యాటర్న్‌లో గీతలే ఉంటాయి, ఏది ముందు మడవాలో చెప్పదు. నాకు ధైర్యమిచ్చింది మేకావా సూత్రం: చదునుగా మడిచేటప్పుడు కాగితం లోపల గీతలు కలిసే ప్రతిచోటా కొండ మడతల (పైకి లేచేవి) లెక్కకీ లోయ మడతల (కిందికి దిగేవి) లెక్కకీ తేడా సరిగ్గా 2 ఉండాలి. పెన్సిల్‌తో ఒక్కో చోటా లెక్కపెట్టుకుంటూ వెళ్లాను, ఎంత హాయిగా ఉందో!

కొమ్ముపురుగు కాళ్లు ఆరూ అగ్గిపుల్లల్లా సన్నగా విడివిడిగా వచ్చాయి. అత్త చూసి, "మన కొబ్బరిచెట్టు పురుగే కదరా ఇది!" అంది.

రేపు కొమ్ముకి కాస్త తడి అద్ది వంపు తేవాలి.