టైర్డ్ తర్వాత ఆఫా, ఫ్రమ్మా?

మా సైటులో మైదుకూరు పక్క పిల్లోడు ఒకడున్నాడు, స్కాఫోల్డింగ్ పని, అంటే పరంజా కట్టడం. పదో తరగతి పాసై కువైట్ వచ్చాడు, ఇంగ్లీషు చదవగలడు, రాయగలడు. ఆ ధైర్యంతోనే పోయిన ఎండాకాలంలో ఒకరోజు తెల్లారక ముందే సైటు మేనేజరుకు నేరుగా వాట్సాప్ పెట్టాడు: ‘సర్, ఐ యామ్ టైర్డ్ ఆఫ్ వర్క్. టుడే లీవ్ ప్లీజ్.’ ముందురోజు రాత్రి దాకా ఓటీ, అంటే ఓవర్‌టైమ్, చేశాడు, ఒళ్లు లేవలేదు, అంతే సంగతి. మేనేజరు ఇంగ్లండు ఆయన. నేను టైమ్‌కీపర్ని కాబట్టి నన్ను పిలిపించి, పనంటేనే మొహం మొత్తినవాడికి ఇక్కడేం పని, టికెట్ వేసి పంపించేద్దామా అన్నాడు. సంగతి విడమరిచి చెబితే చల్లబడ్డాడు గానీ, లేచి వస్తుంటే ఒక మాట అన్నాడు: ‘ఇన్నేళ్లుగా ఇంగ్లీషులో పని చేస్తున్నారు, ఆఫ్‌కీ ఫ్రమ్‌కీ తేడా మీవాళ్లలో ఒక్కరికీ తెలీదా?’

టైర్డ్ ఆఫ్ అంటే విసుగు, టైర్డ్ ఫ్రమ్ అంటే అలసట. నాకు తెలుసు. కానీ ఆ ‘మీవాళ్లు’ అన్న మాట ముల్లులా దిగబడింది. ఆ పూట హాజరు వేస్తూ వేస్తూ మనసులో ఆయనకు జవాబు చెబుతూనే ఉన్నా, ఇప్పటికీ చెబుతున్నట్టే ఉంది.

ముందు ఎండ సంగతి చెప్పాలి. కడప మే నెల చూసినవాళ్లం మనకేం భయం అనుకుని వస్తాం. 2016 జులై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు ఆఖరు దాకా పగలు 11 నుంచి 4 దాకా బయట పని చేయించకూడదని ప్రభుత్వమే రూలు పెట్టింది. అందుకని మా సైటులో పనంతా తెల్లవారుజామునా, పొద్దుగూకినాకా నడుస్తుంది, నిద్ర రెండు ముక్కలవుతుంది. అట్లాంటి నిద్రలోంచి లేచి, ఒక చేత్తో ఫోను పట్టుకుని, తనది కాని భాషలో వాడు రాసిన వాక్యం అది. సర్ ఉంది, ప్లీజ్ ఉంది, అడిగిన లీవు ఉంది. విసుగెత్తి పోయేవాడు ప్లీజ్ అని ఎందుకు రాస్తాడు? అది మాత్రం ఆయన కంట్లో పడలేదు.

అసలు మన దగ్గర ఈ గొడవే రాదు. మా అమ్మ చేని కాడ నుంచి వచ్చి ‘అలిసిపోయినా నాయనా’ అంటే చెంబుతో నీళ్లిస్తాం. ‘విసుగొచ్చింది నాయనా ఈ సేద్యంతో’ అంటే పక్కన కూర్చుంటాం. ఎవరూ పొరపడరు. రెండూ వేరువేరు మాటలు, రెండూ వాటి అర్థం అవే మోసుకొస్తాయి. ఇంగ్లీషులో ఒకే మాట పెట్టుకుని, దాని వెనకాల ఇంత ముక్క తగిలించి, బరువంతా ఆ ముక్క మీద వేస్తారు. మన చెవి పెద్దమాట దగ్గరే ఆగిపోతుంది, వెనకాల వచ్చేది పట్టించుకోదు. పిల్లలకు మంచిది అంటే గుడ్ ఫర్, పిల్లల్ని బాగా చూసుకుంటాడంటే గుడ్ టు, పిల్లలు వాడికి ఇట్టే మాలిమి అవుతారంటే గుడ్ విత్. చదువులో గట్టివాడైతే గుడ్ ఎట్, మనమేమో లెక్కల్లో గట్టివాడు కాబట్టి గుడ్ ఇన్ అంటాం. ‘లో’ ఉంది కదా మరి. నా మీద కోపం కాబట్టి యాంగ్రీ విత్ బదులు యాంగ్రీ ఆన్ మీ. ఆమెతో పెళ్లయింది కాబట్టి మ్యారీడ్ టు బదులు మ్యారీడ్ విత్. వీటిలో బుద్ధిలేనితనం ఏముంది? అంతా లెక్క ప్రకారమే ఉంది, కాకపోతే మన లెక్క.

మన భాషలో ఇట్లాంటి చిక్కు లేదని కాదు. నాకు కోపం అంటే కోపం వచ్చింది నాకు, నా మీద కోపం అంటే వచ్చింది ఇంకొకరికి. కోపం అదే, వెనకాల కాదు ముందర మారింది. దీన్ని ఎవరూ మనకు నేర్పలేదు, అందుకే కష్టమని తోచదు.

సైటులో మా ఇంగ్లీషు ఎట్లా నడుస్తుందో ఆ మేనేజరు ఒకపూట మా మెస్‌లో కూర్చుంటే తెలిసేది. మా ఈజిప్టు ఇంజినీరు అఫ్రెయిడ్ ఫ్రమ్ అంటాడు, వాళ్ల అరబీలో భయం ‘నుంచి’ వస్తుందంట. ఆయన నోట పెళ్లి కూడా ఫ్రమ్మే. బీహారు ఫోర్‌మన్ మాలాగే యాంగ్రీ ఆన్ అంటాడు. ఎవరి తప్పులో వాళ్ల ఊరు కనిపిస్తుంది. ఒకరి మాట ఒకరికి అర్థం కాక పని ఆగిన రోజు నేను చూడలేదు, మధ్యలో రెండు హిందీ ముక్కలు, అరబీలో ఒక ‘మాఫీ’ (లేదు), ఒక ‘ఖల్లీ వల్లీ’ (పోనీలే) పడితే చాలు, క్రేన్ లేచేది లేస్తుంది. ఇంగ్లీషు సొంతభాషగా ఉన్నవాడు వచ్చి వింటేనే తప్పులు పుట్టుకొస్తాయి.

ఆ సొంతభాషవాళ్లకైనా తమలో తమకు కుదిరిందా అంటే అదీ లేదు. ఇదే మేనేజరు ఒక ఉత్తరంలో డిఫరెంట్ టు అని రాస్తే, అమెరికన్ కన్సల్టెంటు దాన్ని గీసేసి ఫ్రమ్ అని పెట్టి వెనక్కి పంపాడు. ఆ కాగితం ఫైలు చేసింది నేనే, అందుకని తెలుసు. బ్రిటిష్‌వాళ్ల మాటల్లో టు మామూలే, అమెరికన్లు దాన్ అని కూడా అంటారు, ఫ్రమ్ ఇద్దరికీ చెల్లుతుంది. ఆరోజు మేనేజరు నవ్వి, ‘అది మా వైపు అలవాటు’ అన్నాడు. చూశారా, ఆయనదైతే అలవాటు, మా పిల్లోడిదైతే తెలియనితనం.

బ్రౌను దొర గుర్తొస్తాడు నాకు ఇట్లాంటప్పుడు. 1820లో ఉద్యోగానికి కడప వచ్చి, మన తెలుగులో పడి, 1852కి నిఘంటువు తెచ్చాడు. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది కదా, ఆ పక్కగా పోయిన ప్రతిసారీ చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది, అబద్ధం కాదు. అయితే ఆయనకు బంగళా ఉంది, చుట్టూ పండితులున్నారు, వాళ్లకు జీతాలిచ్చే స్తోమత ఉంది. ఆయన ‘కు’ అనాల్సిన చోట ‘కి’ అన్నాడని ఇంగ్లండు టికెట్ కొనిచ్చేవాళ్లు కడపలో ఎవరూ లేరు. మా పిల్లోడికున్నది క్యాంపులో ఒక బంకు మంచం, పగిలిన ఫోను.

ఈసారి సెలవుకు కడప వచ్చినప్పుడు మా అక్క కూతురు ఇదే పాఠంతో కూర్చుని ఉంది. అఫ్రెయిడ్ ఆఫ్, ఫాండ్ ఆఫ్, గుడ్ ఎట్, ఇంట్రెస్టెడ్ ఇన్, సీనియర్ టు అని ఎక్కాల్లాగా వల్లె వేస్తోంది. ఎక్కం మరిచిపోతే కూడుకునైనా తెచ్చుకోవచ్చు, ఇక్కడ కూడుకోవడానికి ఏముంది? ‘మామా, సీనియర్‌కు దాన్ ఎందుకు పెట్టకూడదు, అందరికన్నా పెద్దే కదా?’ అని అడిగింది. అది లాటిన్ నుంచి వచ్చిన మాట, ‘కన్నా’ దాని కడుపులోనే ఉందని చెప్పా. ‘మరి ఫాండ్‌కు ఆఫ్ ఎందుకు?’ అంది. ‘పరీక్షకు గైడులో ఉన్నట్టే రాయి తల్లీ’ అన్నా. వాక్యాలుగా నేర్పితే చెవికైనా పట్టేది, వట్టి జంటలు బట్టీ కొట్టిస్తే పరీక్ష గది దాటగానే జారిపోతాయి. మా పిల్లోడు కూడా ఈ జంటలు బట్టీ కొట్టి పాసైనవాడే.

అయినా చిన్నముక్క ప్రాణం మీదికి తెచ్చే చోట్లు ఉన్నాయి, అది కాదనలేను. సేఫ్టీ కాగితాల్లో రెస్పాన్సిబుల్ ఫర్ అంటే ఆ క్రేన్ బాధ్యత నీది, రెస్పాన్సిబుల్ టు అంటే నువ్వు ఫలానా వాడికి జవాబుదారీ. ఫోర్‌మన్ పేరు ముందు టు బదులు రెస్పాన్సిబుల్ ఫర్ అని రాసిన కాగితం మీద సంతకం పెడితే, రేపు ఫోర్‌మన్ చేసిన తప్పు కూడా నీ నెత్తినే. అక్కడ మేనేజరు కోప్పడితే నేను ఒక్కమాట అనను. లీవు అడిగే మెసేజ్‌కు ఆ త్రాసు తేవడమే నాకు మింగుడుపడదు.

తిరిగొచ్చాక మా మెస్ గోడకు ఒక కాగితం అంటించా, తెలుగు ఒక పక్క, ఇంగ్లీషు ఒక పక్క. జంటలు రాయలేదు, పూర్తి వాక్యాలే. అలిసిపోతే టైర్డ్ జోలికే పోవద్దు, ‘ఐ నీడ్ రెస్ట్ టుడే’ అని పెట్టండి. మందు పడకపోతే క్లినిక్‌లో ‘ఐ యామ్ అలర్జిక్ టు దిస్ మెడిసిన్’. సంతకం పెట్టేముందు ఫర్ ఉందా టు ఉందా చూసుకోండి, తెలియకపోతే నన్ను లేపండి, రాత్రయినా సరే. మైదుకూరు పిల్లోడు అంతా చదివి, ‘అన్నా, ఓటీ డబ్బులు తక్కువ పడినాయని ఎట్ల రాయాల? అది ల్యాదే’ అన్నాడు. అన్నిటికంటే ముందు రాయాల్సింది అదే. పేస్లిప్పు తెమ్మన్నా, దాన్ని ముందర పెట్టుకుని ఇద్దరం కూర్చుని రాశాం.