బొలోన్యాలో టూర్లు ఆగిన ఏడాది

2020 మార్చి 8, ఆదివారం. పొద్దున లేచి ఫోన్ చూస్తే మోదెనా వెళ్లే దారి మూసేశారని తెలిసింది. కరోనా వల్ల రాత్రికి రాత్రే ఇటలీ ప్రభుత్వం లొంబార్దీ మొత్తాన్నీ, దాంతోపాటు ఇంకో 14 జిల్లాలనీ మూసేసింది. ఆ జాబితాలో మోదెనా ఉంది, పార్మా ఉంది, రెజ్జో ఎమీలియా ఉంది. పక్కనే ఉన్న మా ఊరు బొలోన్యా లేదు. అంటే ఆ రోజు నేను మా ఊళ్లో జనానికి మోర్తదెల్లా అనే పందిమాంసం సాసేజ్ తినిపించొచ్చు, పక్క జిల్లాలో చీజ్ తయారయ్యే చోటికి మాత్రం తీసుకెళ్లలేను. ఆ రోజు నా ఫుడ్ టూర్ బుక్ చేసుకున్న ఆరుగురిలో నలుగురు అప్పటికే టికెట్లు మార్చుకుని ఇంటిదారి పట్టారు. మిగిలిన ఇద్దరూ వచ్చారు. మార్కెట్ వీధిలో వాళ్లూ నేనూ దూరం దూరంగా నడుస్తూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నాం. అదే ఆఖరి టూర్ అని అప్పుడు తెలీదు. మర్నాడు రాత్రి ప్రధాని జుసెప్పే కోంతే టీవీలోకి వచ్చి దేశమంతా ఇళ్లలోనే ఉండాలని చెప్పారు. ఇంకో రెండు రోజులకి హోటళ్లు, బార్లు కూడా బంద్.

నాది రాజమండ్రి. 2013లో ఇక్కడి యూనివర్సిటీలో చదువుకోడానికి వచ్చాను. 1088లో పెట్టిన యూనివర్సిటీ అని మా నాన్న ఇప్పటికీ వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతారు. చదువయ్యాక ఉద్యోగం దొరకలేదు, తిండి మీద ఇష్టం మాత్రం ఉంది. అలా ఫుడ్ టూర్లలో పడ్డాను. పదింటికి కాఫీతో మొదలుపెట్టి పాత మార్కెట్ క్వాద్రిలాతెరో సందుల్లో తిప్పడం, మోర్తదెల్లా, పార్మిజానో చీజ్, లోపల కూరిన చిన్న పాస్తా తోర్తెల్లీనీ రుచి చూపించడం, మధ్యాహ్నం రెండింటికి వదిలిపెట్టడం. ఇటలీలో కట్టడాల గురించి వివరించాలంటే గైడ్ లైసెన్స్ ఉండాలి కాబట్టి గోపురాల జోలికి పోను, నా మాటలన్నీ పళ్లెం వరకే. మనిషికి 80 యూరోలు, గుంపులో ఎనిమిది మందికి మించకుండా. అయిదేళ్లు బాగానే సాగింది.

మార్చిలో చేసిన పని ఒక్కటే, డబ్బు వెనక్కివ్వడం. ఈస్టర్ బుకింగులు, మే బుకింగులు, ఒకటొకటిగా అన్నీ పోయాయి. సొంతంగా పని చేసుకునే మాలాంటి వాళ్లకి ప్రభుత్వం 600 యూరోలు ఇస్తామంది. ఏప్రిల్ 1న అప్లికేషన్లు తెరిచారు. సైట్ ఎక్కడం, పడిపోవడం, మళ్లీ ఎక్కడం. మన దగ్గర తత్కాల్ టికెట్ తీసిన అనుభవం ఉంది కాబట్టి నాకు పెద్దగా కోపం రాలేదు. సాయంత్రానికి నమోదైంది. డబ్బులు పడ్డాయి, అద్దెకి పోయాయి.

అసలు కథ మా పై అంతస్తు సిన్యోరాతో, అంటే అమ్మగారితో, మొదలైంది. ఆవిడకి 78 ఏళ్లు. బయటికి వెళ్లొద్దని పిల్లలు ఫోన్లో కట్టడి చేశారు. ఎందుకు బయటికొచ్చామో రాసిన కాగితం జేబులో పెట్టుకుని నేనే ఆవిడకి సరుకులు తెచ్చి గుమ్మం ముందు పెట్టేదాన్ని. ఆ రోజుల్లో సూపర్ మార్కెట్లో మైదా, ఈస్ట్ ఉండేవి కాదు. దేశమంతా ఇంట్లో కూర్చుని రొట్టెలు కాలుస్తోంది. ఒకరోజు మా వీధి బేకరీ ఆయన దయతలిచి అయిదు కిలోల పిండి ఇచ్చాడు. సగం ఆవిడకి పెట్టాను. మర్నాడు పై బాల్కనీలోంచి ఆవిడ కేక: "చిన్నా! ఆ పిండితో ఏం చేశావు?"

చిన్నా అన్న మాట విని మొదట్లో ఉలిక్కిపడేదాన్ని. బొలోన్యా వాళ్లు చిన్నపిల్లని నిజంగానే చిన్నా అంటారు, అబ్బాయైతే చిన్నో. మన మాటకీ దానికీ ఏ చుట్టరికమూ లేదని తెలుసు. అయినా లాక్‌డౌన్‌లో, అమ్మానాన్నలకి ఏడువేల కిలోమీటర్ల దూరంలో, అలా పిలిస్తే గొంతు పట్టేసేది.

ఏమీ చేయలేదన్నాను. ఆవిడ నమ్మలేదు. అయిదేళ్లుగా జనాన్ని వెంటేసుకుని రిబ్బన్లలాంటి తల్యతెల్లే పాస్తా గురించి ఉపన్యాసాలిచ్చే పిల్ల ఒక్కసారి కూడా స్ఫోల్యా వత్తలేదా! నిజమే, వత్తలేదు. స్ఫోల్యా అంటే గుడ్లతో కలిపిన పిండిని కాగితంలా వత్తిన పొర. టూర్‌లో దుకాణం అద్దం ముందు నిలబెట్టి, లోపల ఆడవాళ్లు వత్తుతుంటే చూపించి, రెండు జోకులేసి ముందుకు నడిపించడమే నా పని.

మా వంటింటి బాల్కనీకి ఏటవాలుగా పైన ఆవిడ బాల్కనీ. నేను బల్ల బయటికి లాగి కింద చేసేదాన్ని, ఆవిడ పైనుంచి చూసి అరిచేది. వంద గ్రాముల పిండికి ఒక గుడ్డు. పిండిలో గుంట చేసి, గుడ్లు కొట్టి, ఫోర్కుతో కలిపి, పావుగంట మర్దించి, గిన్నె బోర్లించి అరగంట వదిలేయాలి. ఇంతవరకూ ఏ చపాతీ చేసే చేతికైనా వచ్చేదే. కర్ర పట్టుకున్నాక తేలింది నా సంగతి. అది దాదాపు మీటరు పొడవు. మనం అప్పడాల కర్రని నొక్కి తిప్పుతాం, పిండి గుండ్రంగా పరుచుకుంటుంది. ఇక్కడ పొరని కర్రకి చుట్టి, రెండు అరచేతులూ మధ్యలోంచి అంచులకి జార్చుతూ ముందుకి తోయాలి, పిండి సాగాలి. కిందికి వేలాడే అంచుని పొట్టతో బల్లకి అదిమి పట్టాలి. నేను ప్రతిసారీ నొక్కేసేదాన్ని. పైనుంచి అరుపు: "నాన్ స్క్యాచ్చారే! తీరా!" నొక్కకు, లాగు. పక్క ఇళ్ల వాళ్లు కిటికీల్లోకి వచ్చి చూసేవాళ్లు. పనిలేని జనానికి నేనే సినిమా.

మొదటి వారమంతా మధ్యలో లావు, అంచుల్లో చిరుగు. పొరలోంచి చూస్తే సాన్ లూకా కనబడాలని ఇక్కడి మాట. ఊరి బయట కొండ మీద మేరీమాత గుడి అది. మా బాల్కనీ నుంచి పొర లేకపోయినా సాన్ లూకా కనబడదు, అందుకని ట్యూబ్‌లైట్‌కి పట్టి చూసేదాన్ని. ఏప్రిల్ 25న, ఫాసిస్టుల నుంచి విముక్తి పొందిన రోజని, వీధి వీధంతా కిటికీల్లో నిలబడి, ఫాసిస్టుల మీద పోరాడినవాళ్ల పాట బెల్లా చావ్ పాడారు. పాడుతూ పాడుతూ సిన్యోరా కిందికి చూసి, చెయ్యి ఊపి, "ఇప్పుడు తినొచ్చు" అంది. నెల రోజుల్లో ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి మంచి మాట.

టూర్ని జూమ్‌లోకి తేవాలని అప్పటికే అందరూ సలహాలిస్తున్నారు. ఏప్రిల్లో ఎయిర్‌బీఎన్‌బీ ఆన్‌లైన్ అనుభవాలు అని మొదలుపెట్టింది కూడా. నేను ముందు చేసింది తెలివితక్కువ పని. మే 4న కాస్త సడలించగానే ఫోన్ కర్రకి తగిలించుకుని క్వాద్రిలాతెరోలో లైవ్ టూర్ పెట్టాను. మాస్కులోంచి నా మాట వినబడదు. సందుల్లో నెట్‌వర్క్ ఉండదు. సగం దుకాణాలకి షట్టర్లు. 1465 నుంచి ఉందని చెప్పే వైన్ దుకాణం, తిండి మనమే తెచ్చుకుని తినే చోటు, దాని మూసిన తలుపు ముందు నిలబడి లోపల ఎంత సందడిగా ఉంటుందో వర్ణించాను. అటువైపున్న అమెరికన్లు మర్యాదస్థులు. ఒకావిడ మాత్రం చివర్లో అడిగింది, "అంతా బావుంది, మేం ఏం తినాలి?"

సరే తిండి పంపుదామని డబ్బాలు కట్టాను. మాంసం అమెరికాకి పంపకూడదు. జర్మనీకి పంపిన చీజ్ దారిలో పది రోజులు ఉండి చెమటలు పట్టింది. కొరియర్ ఖర్చు డబ్బా ధరని మించిపోయింది. మూడు వారాల్లో ఆపేశాను.

టూర్లో తీసుకెళ్లే పక్క జిల్లా చీజ్ కార్ఖానా ఒక్కటే మూతపడలేదు. ఆవులకి లాక్‌డౌన్ ఏముంది, పాలు రోజూ వస్తాయి, పార్మిజానో రోజూ చేయాల్సిందే. చక్రంలా ఉండే ఒక్కో చీజ్ దిమ్మకి 550 లీటర్ల దాకా పాలు పడతాయి, బరువు 40 కిలోలకి అటూ ఇటూ. ఏడాది నిండాక చిన్న సుత్తితో చక్రం చుట్టూ కొడుతూ వింటారు, లోపల పగులుందా గుల్ల ఉందా అని. నా టూర్లో జనం ఊపిరి బిగబట్టేది ఇక్కడే. అక్కడి కుర్రాడు నా కోసం ఫోన్ పట్టుకుని లైవ్‌లో కొట్టాడు. తెర మీద సుత్తి కదులుతోంది, చప్పుడు లేదు. మళ్లీ కొట్టాడు, లేదు. పక్కన మోగే అనవసరపు శబ్దాలని జూమ్ తనంతట తనే తీసేస్తుందట. దాని దృష్టిలో ఆ సుత్తి చప్పుడు కూడా అనవసరమే! తరవాత వీడియో రికార్డు చేయించుకుని, శబ్దం కూడా పంచుకునే గడిలో టిక్ పెట్టి చూపించడం అలవాటైంది.

ఇన్ని తన్నులు తిన్నాక చివరికి నిలబడింది పిండి, గుడ్లు, కర్ర. సాయంత్రం ఆరింటికి క్లాసు, న్యూయార్క్‌లో అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. మనిషికి కాదు, ఇంటికి 20 యూరోలు. మొదటి క్లాసులో ల్యాప్‌టాప్ నా మొహం వైపు పెట్టుకున్నాను, వాళ్లకి కావాల్సింది నా చేతులు. అట్టపెట్టె మీద పుస్తకాలు పేర్చి ఫోన్‌ని పైనుంచి వేలాడదీశాక కుదిరింది. ఇంకో రోజు, అప్పుడు ఫ్రీ అకౌంటే, తోర్తెల్లీనీ మడత చూపిస్తుండగా 40 నిమిషాలు నిండి కట్ అయిపోయింది. వేలికి చుట్టిన తోర్తెల్లీనోతో ఖాళీ తెర వైపు చూస్తూ ఉండిపోయాను. ఆ రాత్రే డబ్బు కట్టాను.

స్కేలు తెచ్చుకోమని ముందే మెసేజ్ పెట్టేదాన్ని. ఉడికిన తల్యతెల్లా వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో ఇక్కడి వాణిజ్య మండలిలో రాతపూర్వకంగా దాఖలు చేశారు, బంగారంతో నమూనా కూడా చేయించి పెట్టారు. మా ఊళ్లోని 97 మీటర్ల అసినెల్లి గోపురం ఎత్తులో అది 12,270వ వంతు. కాలిఫోర్నియాలో ఒక పెద్దాయన కళ్లజోడు పైకెత్తి ఉడికిన ముక్కని స్కేలు మీద పరిచి, "నాది పదకొండు!" అని ఓడిపోయినట్టు చెప్పాడు. టూర్లో ఇదే కథ చెబితే తలూపి ఫోటో తీసుకునేవాళ్లు.

జులైలో హైదరాబాద్ నుంచి మా పిన్ని కూతురు, "అక్కా, మాకు చెప్పవా?" అంది. ఆదివారం ఇక్కడ ఒంటిగంటన్నరకి, అంటే అక్కడ సాయంత్రం అయిదింటికి, తొమ్మిది ఇళ్లు కలిశాయి. తెలుగులో క్లాసు చెప్పడం అదే మొదలు. పది నిమిషాల్లోనే ఇబ్బంది మొదలైంది. అందరి పిండీ పైన ఎండి పొలుసులు లేస్తోంది. నా లెక్క ఎక్కడ తప్పిందో అర్థం కాలేదు. ఒకరి తెరలో పిండి మీద నీడ తిరుగుతుంటే అప్పుడు వెలిగింది. "ముందు ఫ్యాన్లు ఆపండి!" తొమ్మిది ఇళ్లలో ఫ్యాన్లు ఆగాయి, తొమ్మిది ఇళ్లలో చెమటలు, తిట్లు. మన గుడ్లు కాస్త చిన్నవి కాబట్టి రెండింటికి 170 గ్రాముల మైదా సరిపోతుందని కూడా ఆ రోజే తెలిసింది.

చీజ్ దగ్గర ఇంకో చిక్కు. ఒక ఆంటీ శాకాహారి. తల్యతెల్లే తన కోసం కాదు పిల్లల కోసమట, పార్మిజానో మాత్రం రుచి చూస్తానని విప్పబోయారు. చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాను. చెప్పేశాను, దూడ పొట్టలోంచి తీసిన రెనెట్‌తోనే పాలు విరగ్గొడతారని. శాకాహార రెనెట్‌తో చేసే చీజ్‌లు వేరే ఉన్నాయి కానీ వాటి మీద పార్మిజానో రెజ్జానో ముద్ర పడదు. ఆవిడ పొట్లం మెల్లగా పక్కకి జరిపి, "ఇన్నాళ్లూ పిజ్జాల మీద చల్లుకున్నదో?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అమ్మ కూడా చేరింది ఆ క్లాసులో. గుడ్డు ముట్టదు, చూస్తానంటూ కూర్చుంది. ఆవిడ కోసమని వచ్చే వారం గుడ్డు లేనిది పెట్టాను. సార్దీన్యా దీవిలో మల్లొరెద్దుస్ అని చేస్తారు, రవ్వ పిండీ నీళ్లే. చిటికెడు ముద్దని గీతలున్న పలక మీద బొటనవేలితో నొక్కి దొర్లిస్తే గవ్వలా ముడుచుకుంటుంది. బొలోన్యా వంట కాదు, సిన్యోరాకి తెలిస్తే ఊరుకోదు. బొంబాయి రవ్వని మిక్సీలో మెత్తగా పట్టి, గోరువెచ్చటి నీళ్లతో గట్టిగా కలపమన్నాను. గీతల పలక లేకపోతే ఫోర్కు వెనక్కి తిప్పి వాడుకోమన్నాను. నా మాట పూర్తవకముందే అమ్మ లేచి వెళ్లింది. తెరలో ఖాళీ కుర్చీ, సామాను దొర్లిన చప్పుడు. తిరిగొచ్చి చేతిలోది కెమెరాకి ఆనించి పట్టుకుంది, ఏమీ కనబడలేదు, కాస్త వెనక్కి జరిపితే కనబడింది. గవ్వల చెక్క. మా నాయనమ్మది.

"ఇవి గవ్వలే కదే. దీనికి ఇటలీ ఎందుకు?"

ఇక క్లాసు నాది కాదు. అమ్మ బొటనవేలు పడటం, గవ్వ రాలడం, నేను ఒకటి చేసేలోపు ఆవిడవి అయిదు. మిగతా ఇళ్లలో ఇద్దరు ముగ్గురు లేచి వాళ్ల చెక్కలు తెచ్చుకున్నారు. ఉడకబెట్టి టమాటా సాస్‌లో వేయమన్నాను. అమ్మ సగమే ఉడకబెట్టింది. మిగతా సగం నూనెలో వేయించి బెల్లం పాకం పట్టి, రాత్రికి ఫోటో పంపింది.

ఆ నవంబరులో కరోనా తీవ్రతని బట్టి ఇటలీని రంగులుగా విడగొట్టారు, మా ప్రాంతం పసుపు నుంచి నారింజకి మారింది, తెరిచిన హోటళ్లు మళ్లీ పార్సిల్‌కే పరిమితం. క్లాసుల మీద అంతకుముందు సంపాదనలో మూడో వంతు వస్తోంది. అమ్మ పోస్టు చేసిన గవ్వల చెక్క తిరిగి తిరిగి 2021 ఫిబ్రవరిలో చేరింది. మాస్కు పెట్టుకుని పైకి తీసుకెళ్లి గుమ్మంలో నిలబడి సిన్యోరాకి ఇచ్చాను. ఆవిడ దగ్గర కూడా ఒకటుంది, గర్గనెల్లీ అనే గొట్టాల కోసం, పెత్తినే అంటారు, దువ్వెన అని అర్థం. రెండూ పక్కపక్కన పెట్టి, కళ్లజోడు సవరించుకుని, గోటితో గీతలు తడిమింది.

"ఏ ఊరి పెత్తినే ఇది?"

"రాజమండ్రిది."

"గీతలు మరీ లోతు చిన్నా. రాగూ సాస్‌ని ఎక్కువ తాగేస్తుంది," అని లోపలికి వెళ్లి పిండి డబ్బా తీసింది.