మూడు కిలోల పెట్టెకి ముప్పై మూడు కిలోల బిల్లు

విశాఖ నుంచి వదిన ఫోన్ చేసింది. "కొరియర్ అబ్బాయి గుమ్మంలో ఉన్నాడు. ఇంకో 1,244 రూపాయలు కడితేనే పెట్టె ఇస్తానంటున్నాడు. కొలత ఎక్కువొచ్చిందట. ఇచ్చెయ్యమంటావా?"

బెంగళూరులో, రామమూర్తి నగర్‌లో మా వీధి చివరున్న కౌంటర్‌లో ఆ పెట్టె బుక్ చేసిన రోజే 1,121 రూపాయలు కట్టాను. ఇప్పుడు అడుగుతున్నది అంతకంటే ఎక్కువ. ఆ వారంలోనే వాళ్ల గృహప్రవేశం. పెట్టె వెనక్కి వెళ్లిపోతే మళ్లీ ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. పాపం ఆ అబ్బాయిని నిలదీసి లాభం లేదు. వసూలు చేయకుండా ఇస్తే ఆ డబ్బు తన లెక్కలో పడుతుందన్నాడు. "కట్టేయండి వదినా, కానీ కట్టేముందు కంపెనీ మెయిల్‌కి ఒక్క ముక్క రాయండి, అభ్యంతరం ఉన్నా పెట్టె కోసం కడుతున్నామని" అన్నాను. అన్నయ్య అలాగే రాసి యూపీఐలో కట్టాడు. ఆ ఒక్క వాక్యం తర్వాత చాలా పనికొచ్చింది.

పెట్టెలో ఉన్నది దీపం. మా ధర్మవరం పక్కనే ఉన్న నిమ్మలకుంటలో కొన్నాను. తోలుబొమ్మలాట ఆడించిన కుటుంబాలు అక్కడ ఇప్పుడు అదే మేకతోలుతో, అదే పనితనంతో దీపాలు, తెరలు, గోడ బొమ్మలు చేస్తున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇనుప తీగతో చట్రం కట్టి, గీసి, తొలిచి, రంగులద్దిన తోలును దానిమీద బిగించి కుడతారు. లోపల బల్బు వెలిగితే తొలిచిన ప్రతి చుక్కలోంచి వెలుగొస్తుంది. నేను కొన్నదాని మీద సీతారాముల పట్టాభిషేకం ఉంది. చట్రం మడవడానికి లేదు. తోలు ఒకచోట నొక్కుకుపోతే ఆ ముడత మళ్లీ పోదు. అందుకే చుట్టూ నాలుగైదు సెంటీమీటర్ల థర్మోకోల్, బబుల్ షీట్ పెట్టి గట్టి అట్టపెట్టెలో ప్యాక్ చేయించాను. అంతా కలిపి కాటా మీద 3.2 కిలోలు తూగింది.

కొరియర్ వాళ్లు ఆ 3.2 కిలోలకు డబ్బు తీసుకోరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. దాన్ని వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. అసలు బరువు, ఈ లెక్క బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. ఈ పద్ధతి మీద నాకు కోపం లేదు. లారీలో చోటు కూడా డబ్బే. నా పెట్టె పట్టిన చోటులో వాళ్లు వేరేవాళ్ల బియ్యం బస్తా పెట్టుకోవచ్చు. కాబట్టి 45 × 45 × 60 పెట్టెకి 24.3 కిలోలు, దాన్ని పైకి సవరిస్తే 25, కిలోకి 38 చొప్పున 950, పైన 18 శాతం జీఎస్టీ 171, మొత్తం 1,121. ఈ లెక్క నా ముందే వేశారు, నేను ఒప్పుకుని కట్టాను.

కౌంటర్‌లో కూర్చునే అబ్బాయిది చింతామణి వైపు, తెలుగే మాట్లాడతాడు. అతని పనితనం గురించి చెప్పాలి. పెట్టెను గోడకు ఆనించి నిలబెట్టి, స్టీల్ టేపు కొసను అట్ట అంచుకు తగిలించి, మధ్యలో కాకుండా మూల దగ్గర కొలిచాడు. "మధ్యలో ఉబ్బుతుందక్కా, మూల దగ్గరైతే కరెక్టుగా వస్తుంది" అన్నాడు. కొలిచిన అంకెల్ని నల్ల మార్కర్‌తో పెట్టె మీద పెద్దగా రాశాడు, అవే రసీదులోనూ రాశాడు. టేపు కనిపించేలా మూడు వైపులా నేను ఫోటోలు తీసుకున్నాను. పగిలే వస్తువు పంపినప్పుడల్లా తీస్తాను, ఇన్సూరెన్స్ అడగాల్సొస్తే ఉంటాయని.

ఆ అదనపు బిల్లు ఎలా వచ్చిందో కస్టమర్ కేర్‌లో ఎవరూ విడమరచి చెప్పలేదు. "హబ్‌లో మళ్లీ కొలిచారు మేడమ్, సిస్టమ్‌లో అప్‌డేట్ అయింది, మేమేం చేయలేం" అంటారు. వివరం రాతలో పంపమని పట్టుబడితే చివరికి వచ్చింది. హబ్‌లో, అంటే దారిలో పార్సిళ్లు వేరుచేసే వాళ్ల కేంద్రంలో, తీసిన కొలత 50 × 50 × 65. దాని ప్రకారం 32.5 కిలోలు, సవరిస్తే 33. అంటే ఎనిమిది కిలోల తేడాకి 304 రూపాయలు. దాని కింద ఇంకో వరుస: ఓవర్‌సైజ్ హ్యాండ్లింగ్ 750. రెండూ కలిపి 1,054, జీఎస్టీ 189.72.

ఆ కాగితం చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మూడు వైపులా సరిగ్గా ఐదేసి సెంటీమీటర్లు పెరిగాయి. దారిలో నలిగిన పెట్టె అలా పెరగదు. పైన బరువు పడితే పక్కలు ఉబ్బుతాయి, ఎత్తు తగ్గుతుంది. మూడూ ఒకేసారి, ఒకే అంకె పెరగడం అట్ట చేసే పని కాదు. పైగా ఐదు సెంటీమీటర్లంటే చూడ్డానికి ఏమీ లేదు, లెక్కలో మాత్రం మూడు వైపులా గుణించుకుని బరువు మూడో వంతు పెరిగిపోయింది. ఆ పెరుగుదల 30 కిలోల గీత దాటించింది. ఆ గీత దాటినందుకే హ్యాండ్లింగ్ చార్జీ దానంతటదే పడింది.

అప్పుడు మెయిల్ రాశాను. కోపంగా రాయలేదు. రసీదు, టేపుతో ఉన్న ఫోటోలు, అన్నయ్య కట్టేముందు రాసిన వాక్యం జతచేసి, హబ్‌లో కొలిచినప్పటి ఫోటోలు పంపమన్నాను. దేనితో కొలిచారో చెప్పమన్నాను. వ్యాపార లావాదేవీలో వాడే కాటా అయినా టేపు అయినా తూనికలు కొలతల చట్టం, 2009 ప్రకారం తనిఖీ చేయించి ముద్ర వేయించాలి. ఆ ధ్రువపత్రం ఉంటే చూపించమన్నాను. కస్టమర్ కేర్‌కి కాకుండా వాళ్ల వెబ్‌సైట్‌లో ఉన్న గ్రీవెన్స్ ఆఫీసర్ చిరునామాకి పంపాను.

ఫోటో వచ్చింది. ఒక్కటే. పెట్టె పక్కకు పడుకోబెట్టి ఉంది, చుట్టూ హబ్‌లో చుట్టిన ప్లాస్టిక్ షీటు వదులుగా ఉబ్బి ఉంది. టేపును ఆ ఉబ్బు మీదుగా లాగారు. ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసి చూశాను. బొటనవేలు పక్కన అంకె స్పష్టంగా కనిపిస్తోంది: 47. షీటు కింద నుంచి మన చింతామణి అబ్బాయి మార్కర్‌తో రాసిన 45 కూడా కనిపిస్తోంది. వాళ్ల ఫోటోలో 47 ఉంది, వాళ్ల సిస్టమ్‌లో 50 ఉంది. మిగతా రెండు వైపులకు ఫోటోనే లేదు.

అదే రాస్తే, ఈసారి ఒకాయన ఫోన్ చేశారు. మర్యాదగానే మాట్లాడారు. "47 వస్తే 50 వేసుకుంటారు మేడమ్. 5కి రౌండ్ చేయడం హబ్‌లో పద్ధతి."

"అది రసీదు వెనకాల ఎక్కడుందండీ?"

"అది ఆపరేషన్స్ ప్రాసెస్ మేడమ్, ప్రింట్ చేయరు."

రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో ఉన్నదంతా నేను చదివే ఉన్నాను. బరువును పై కిలోకి సవరిస్తామని అక్కడ ఉంది. అది నాకు తెలుసు, ఒప్పుకున్నాను, 24.3కి 25 కట్టాను. కొలతల్ని కూడా సవరిస్తామని ఎక్కడా లేదు. మూడు కొలతల్ని విడివిడిగా పైకి సవరించి, గుణించి, వచ్చిన బరువును మళ్లీ పైకి సవరిస్తే ఒకే పెట్టెకి నాలుగుసార్లు పైకి లాగినట్టు. ఆయనతో అదే అన్నాను. వాళ్ల ఫోటోనే నిజమనుకుందాం, వాళ్లు చుట్టిన షీటు ఉబ్బునీ నా ఖాతాలోనే వేసుకుందాం. 47 × 45 × 60కి 25.38 కిలోలు వస్తుంది, సవరిస్తే 26. ఒక్క కిలో తేడా. జీఎస్టీతో 45 రూపాయలకు పైసలు తక్కువ. "ఆ 45 కట్టడానికి నాకు అభ్యంతరం లేదు, మిగతాదానికి కారణం చెప్పండి" అన్నాను.

హ్యాండ్లింగ్ చార్జీ సంగతి ఇంకా అన్యాయం. ఏదైనా ఒక వైపు 120 సెంటీమీటర్లు దాటినా, ఒక్క పెట్టె బరువు 30 కిలోలు దాటినా ఆ చార్జీ అని షరతుల్లో ఉంది. వాళ్ల కొలత ప్రకారమే పెద్ద వైపు 65. బరువు అంటే కాటా బరువా, లెక్క బరువా అని అక్కడ రాయలేదు. బరువైనదాన్ని ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి, ట్రాలీ కావాలి, అందుకు డబ్బు అడిగితే న్యాయం. ఈ పెట్టెను మా పక్కింటి పిల్ల ఒక్కతే ఎత్తి ఆటోలో పెట్టింది. చోటు పట్టినందుకు ఒకసారి లెక్క బరువు కింద తీసుకున్నారు. అదే లెక్క బరువు చూపించి, లేని భారం మోసినందుకు మళ్లీ తీసుకున్నారు. రెండర్థాలున్న షరతును రాసినవాళ్లకు వ్యతిరేకంగా చదవాలన్నది మన కోర్టులు పాటించే సూత్రమే. దాన్నీ మెయిల్‌లో పెట్టాను.

హ్యాండ్లింగ్ 750, దాని జీఎస్టీ కలిపి 885 రూపాయలు అన్నయ్య ఖాతాలో తిరిగి పడ్డాయి. మెయిల్‌లో 'సుహృద్భావంతో' ఇస్తున్నామనీ, ఫిర్యాదు మూసేశామనీ రాశారు. అన్నయ్య "ఇక వదిలెయ్యమ్మా, వచ్చింది చాలు" అన్నాడు. ఇంట్లోనూ అదే మాట. మిగిలింది 358.72, దానికోసం ఇంత టెన్షన్ ఎందుకని.

నాకు కంపెనీ వాడిన ఆ 'సుహృద్భావం' మాట నచ్చలేదు. తప్పుగా తీసుకున్న డబ్బు తిరిగివ్వడం సుహృద్భావం ఎలా అవుతుంది? అసలు తప్పు కొలతలో ఉంది, ఆ ముక్క వాళ్ల జవాబులో ఎక్కడా లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తెలుగులోనే మాట్లాడారు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు సొమ్ము చెల్లించిన వ్యవహారాలకు ఫీజు కూడా లేదు. కంపెనీకి రాసిన ఆఖరి మెయిల్‌లో అదీ చెప్పాను. కొద్దిరోజులకి మిగిలిన 358.72 కూడా వచ్చింది. నేను కడతానన్న 45 కూడా పట్టుకోలేదు.

దీపం క్షేమంగా చేరింది. గృహప్రవేశం నాటి రాత్రి వదిన హాల్లో వెలిగించి ఫోటో పంపింది.

నిమ్మలకుంటలో నేను దీపం కొన్న ఇంటివాళ్లతో మాట్లాడినప్పుడు తెలిసింది, వాళ్లకీ ఇలాంటివి వస్తుంటాయట. దీపంలో ఉన్నదంతా ఖాళీయే కాబట్టి వాళ్లు ఎప్పుడూ లెక్క బరువుకే కట్టాలి. కొన్నవాళ్లు గుమ్మంలో అదనం కట్టాల్సొస్తే చిరాకుపడి, ఆ డబ్బును వీళ్ల దగ్గరే తగ్గించుకుంటారు. కొరియర్‌తో ఎవరు కొట్లాడతారని ఊరుకుంటున్నారు. నెలలో ఎన్నో పెట్టెలు పంపేవాళ్లకు నా ఒక్క పెట్టె లెక్క ఏపాటిది. వాళ్ల అబ్బాయికి నా మెయిల్స్ అన్నీ వాట్సాప్‌లో పంపాను, పేర్లూ నంబర్లూ మార్చుకుని అలాగే వాడుకోమన్నాను. మూడు వైపులా టేపు పెట్టి ఫోటో తీయడం, కౌంటర్ వాళ్లచేతే పెట్టె మీద కొలత రాయించడం, కొన్నవాళ్లకు ఆ ఫోటోలు ముందే పంపడం మొదలుపెట్టాడు.

ఐదుకి సవరించే పద్ధతి ఇంకా నడుస్తోందా, నడుస్తుంటే రసీదు మీద ఎందుకు అచ్చు వేయరు అని కంపెనీని రాతలో అడిగాను. డబ్బు తిరిగిచ్చిన మెయిల్‌లో దానికి జవాబు లేదు. మళ్లీ రాశాను. జవాబు వస్తే ఇక్కడే పెడతాను.